ఏటివైపు బాణం

గుట్ట మీద ఈల వినబడిందంటే ఎవరో రాయి మీద కూర్చున్నారని లెక్క. వెనకాలే "లేవండి, లేవండి! అది మీ ఇంట్లో సోఫా కాదు!" అని ఒక కేక. ఆ కేక వెనకాల ఖాకీ చొక్కా, తెల్ల మీసం, కుడికాలు కాస్త ఈడుస్తూ ఒక పెద్దాయన. కూర్చున్నవాళ్లు బట్టలు దులుపుకుంటూ లేచిపోతారు. చిన్నపిల్లలైతే ఏడుస్తారు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి కూడా లేచి నిలబడ్డాడు. తను అధికారినన్న సంగతి లేచాక గానీ గుర్తురాలేదు పాపం.

ఆ పెద్దాయన్ని అందరూ బాణాలాయన అంటారు. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అదే పేరుతో పిలుస్తుంది.

ఆయన కాపలా కాసేది ఒక పాత బౌద్ధ ఆరామాన్ని. మోకాలెత్తు ఇటుక గోడలు, చదరపు ముంగిలి, మూడు వైపులా చిన్న చిన్న గదులు, ఓ మూల గుండ్రటి స్తూపం అడుగుభాగం. చూడ్డానికి వచ్చినవాళ్లు అది వెయ్యేళ్లకు పైగా ఆ గుట్ట మీదే ఉందనుకుంటారు. నిజానికి అందులో ఒక్క రాయి కూడా గుట్ట మీద పుట్టలేదు. అన్నీ కింద నుంచి పడవల మీద వచ్చినవే. ఎక్కడినుంచి అని అడిగితే బాణాలాయన కిందికి, జలాశయం మధ్యకి వేలు చూపిస్తాడు. అక్కడ నీళ్లు తప్ప ఏమీ కనబడవు.

అక్కడ ఏరు ఉండేది. ఏటి ఒడ్డున ఆరామం ఉండేది. ఐదారు వందల ఏళ్లపాటు ఎవరెవరో భిక్షువులు ఆ గదుల్లో ఉన్నారు. ఎండాకాలం అంతా ఊళ్లు తిరిగి, వానలు మొదలవగానే వచ్చి, మూడు నెలలూ అక్కడే ఉండిపోయేవాళ్లట. ఒక్కో గదిలో ఒక మనిషి కాళ్లు చాపుకునేంత చోటు, దీపానికి ఒక గూడు, గుమ్మం పక్కన గోడకి ఆనించి నేలలోకి దించిన ఒక రాతిపలక. అంతే ఆస్తి. తర్వాత ఒకసారి ఏరు పొంగి ప్రహరీని తినేసింది. దానాలు ఇచ్చేవాళ్లు తగ్గారు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆఖరివాడు ఎప్పుడు వెళ్లాడో, వెళ్లేటప్పుడు తలుపు వేశాడో లేదో ఎవరికీ తెలీదు. చుట్టుపక్కలవాళ్లు ఇటుకలు పీక్కెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. మిగిలినదాన్ని మట్టి కప్పేసింది. ఆ మట్టి మీద మేకలు మేశాయి.

ఒక స్తంభం మీద మాత్రం పేర్లున్నాయి. గదులు కట్టించినవాళ్లవి: ఒక నగల పనివాడు, ఒక పడవల వర్తకుడి భార్య, ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఇచ్చినవాళ్ల పేర్లన్నీ శ్రద్ధగా చెక్కారు. ఆ గదుల్లో ఉన్న భిక్షువుల పేరు ఒక్కటి కూడా లేదు. బాణాలాయనకి చదువు పెద్దగా రాకపోయినా ఆ సంగతి మాత్రం చిన్నప్పటి దెబ్బలా మనసులో ఉండిపోయింది.

*

తవ్వకాల్లో చేరినప్పుడు ఆయన వయసు ఇరవై ఐదు. పని, మట్టి తట్టలు మొయ్యడం. కింద ఆనకట్ట లేస్తోంది. మూడేళ్లలో నీళ్లు వచ్చేస్తాయి. ఆలోగా ఆరామం మొత్తాన్ని రాయి రాయిగా ఊడదీసి, గుట్ట మీద మళ్లీ ఉన్నదున్నట్టు పేర్చాలి. ఆ పనికి పెద్ద, పురావస్తు శాఖ పండితుడు ఒకాయన. అందరూ పెద్దసారు అనేవారు. నలభై ఏళ్ల మనిషి, తిండి మీద ధ్యాస లేదు, టోపీ ఎక్కడ పెట్టాడో ఎప్పుడూ తెలీదు, పాత ఇటుక కనబడితే మాత్రం పసిపాప దొరికినట్టు రెండు చేతులతో ఎత్తుకునేవాడు.

ఒకరోజు ఆయన మట్టి మోసేవాళ్లందరి చేతుల్లో తలా ఒక కుంచె పెట్టి, రాయి మీద గీత గీయమన్నాడు. ఈ కుర్రవాడి గీత ఒక్కటే వంకర పోలేదు.

"నీ చెయ్యి వణకదు. తట్ట దించి ఇలా రా," అన్నాడు. "అక్షరాలు రాకపోయినా ఏం ఫర్వాలేదు. అంకె ఏం వెయ్యాలో నేను చెప్తా. అంకె పక్కన బాణం. బాణం మొన ఎప్పుడూ ఏటివైపు. ఈ చోట ఎక్కడ నిలబడ్డా ఏరు కనబడుతుంది కదా? ఏటిని చూడు, బాణం గీయి. అది తప్పావో, పైన గుట్ట మీద ఆ రాయి ఎటు తిరిగుండేదో దేవుడు దిగొచ్చినా చెప్పలేడు."

అదీ పద్ధతి. అలా మూడేళ్లలో నాలుగు వేల పైచిలుకు రాళ్లకి అతను బాణాలు వేశాడు. కుర్రవాడి పేరు పోయి బాణాలాయన మిగిలాడు. పెద్దసారు వచ్చిన అతిథులందరికీ ఆయన్ని చూపించి, "నా దగ్గర దిక్సూచి లేదు, ఇతను ఉన్నాడు," అనేవారు. ఆ మాట విన్న రోజు బాణాలాయన ఇంటికి వెళ్లి భార్యకి నాలుగుసార్లు చెప్పాడు. ఆవిడ మిషను కుట్టేది. తవ్వకాల్లో దొరికిన చిన్న చిన్న వస్తువులకి గుడ్డ సంచులు కుట్టి ఇచ్చేది. నాలుగోసారి, "విన్నాను, దారం తెగింది, పక్కకి జరగండి," అంది.

రెండో పద్ధతి ఒకటి ఉంది. రాళ్ల మీద ఎవరూ కూర్చోకూడదు. అది అమలు చేసే బాధ్యత కూడా బాణాలాయనకే అప్పగించారు. ఈల అప్పుడు వచ్చిందే.

ఇప్పుడు చెప్పబోయేది ఆయన తన నోటితో ముప్పై ఎనిమిదేళ్లు ఎవరికీ చెప్పనిది.

ఏటికి ఎదురుగా ఉన్న వరసలో ఆఖరిది పద్నాలుగో గది. దాని ముందున్న పలక మిగతావాటిలాంటిది కాదు. ఎన్ని తరాలు కూర్చున్నారో, మధ్యలో నున్నగా, కంచంలా ఒక గుంట పడింది. దాని ముందు రెండు చిన్న గుంటలు, మడమలు ఆన్చుకున్న చోట్లు. కుడిది ఎడమదానికన్నా కాస్త లోతు. అందరూ నీడ చూసుకుని భోజనానికి వెళ్లిపోయాక, బాణాలాయన అటూ ఇటూ చూసి, అన్నం డబ్బా పట్టుకుని వెళ్లి ఆ గుంటలో కూర్చునేవాడు. వీపు గోడకి, మడమలు గుంటల్లో, మొహం ఏటివైపు. కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. ఎవరో కొలతలు తీసుకుని తనకోసమే చేసినట్టు ఉండేది. ముంగిలి అవతల ఏరు పోతూ ఉండేది. ఆయన నములుతూ చూసేవాడు. మూడేళ్లు, రోజూ. చేయి కడుక్కుని లేచి, ఈల మెడలో వేసుకుని, రాళ్ల మీద కూర్చున్నవాళ్లని లేపడానికి వెళ్లేవాడు.

పలక మీద పెయింటు వేస్తే బట్టలకి అంటుతుంది. అందుకని దానికి అంకె వెయ్యడం వాయిదా వేస్తూ వచ్చాడు. ఆఖరి రోజు వచ్చింది. మిగిలింది అదొక్కటే.

ఆ రోజు ముసురు. గది గోడలు పొద్దున్నే ఊడదీసి పడవ ఎక్కించేశారు. నీళ్లు ఊహించినదానికన్నా ముందే వచ్చాయి, పైగా ఏటివైపు నుంచి కాదు. వెనక పల్లపు పొలాల్లోకి చుట్టు తిరిగి వచ్చేశాయి. గోడ ఉన్నన్నాళ్లూ వెనక ఏముందో కనబడేది కాదు. ఇప్పుడు గోడ లేదు. పడవవాడు అరుస్తున్నాడు. బాణాలాయన పరిగెత్తుకొచ్చి, ముంగిలికి వీపు పెట్టి వంగి, తలెత్తాడు. ఎదురుగా నాలుగు బారల దూరంలో నీళ్లు. ఏటిని చూడు, బాణం గీయి. గీశాడు. అంకె వేశాడు. ఆ తర్వాత ఆఖరిసారి కదా అని, పొద్దుటినుంచి తినలేదు కదా అని, ఎప్పటిలా గుంటలో కూర్చుని డబ్బా మూత తీశాడు.

మూడో ముద్ద దగ్గర గుర్తొచ్చింది, తను కూర్చున్నది తడి పెయింటు మీదని.

పలక పీకి పడవలోకి చేర్చి, తనూ ఎక్కేసరికి ఆడకూలీలు చూడనే చూశారు. "అయ్యో అయ్యో, బాణాలాయనకే బాణం వేశారెవరో!" "మొన పైకి చూపిస్తోంది, ఏరు ఈయన నడుం మీద పారుతోందా?" "ఈయన్ని ఎక్కడ దించాలో వెనకాల రాసుంది, చూసి దించండి!" నిక్కరుని రెండు చేతులతో కప్పుకుని, మొహం కందగడ్డలా చేసుకుని, ఆయన కూడా నవ్వాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ముంగిలి మునిగిపోయింది.

*

రెండేళ్లకి గుట్ట మీద పేర్చడం మొదలైంది. అంకెలు చూసుకుంటూ, బాణాలన్నీ ఏటివైపు తిప్పుకుంటూ రాళ్లు దించారు. పద్నాలుగో గది పలక దించేసరికి, మడమ గుంటలు గోడకి తగులుతున్నాయి. అక్కడ కూర్చునే మనిషి ముక్కు గోడకి జానెడు దూరంలో ఉంటుంది. ఆ వరస ఫోటోల రీళ్లు పడవలో తడిసిపోయాయి కాబట్టి, పోల్చుకోవడానికి ఏమీ లేదు. నాలుగు వేల రాళ్లలో ఆ మూల పలక ఎటు తిరిగుండేదో బాణాలాయనకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

తన బాణం తప్పిందని బాణాలాయనకి తెలిసిపోయింది. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పెద్దసారు పలక ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయారు.

"గోడకేసి కూర్చున్నాడయ్యా!" అన్నారు. "అందరూ ఏటిని చూస్తూ కూర్చుంటే, ఈ ఒక్కడూ, ఏళ్ల తరబడి, గోడని చూస్తూ... ఏటిని కూడా వదులుకున్నాడు. చూశావా?" అని, పక్కనున్న గుమాస్తాతో, "రాసుకో, రాసుకో," అన్నారు. మిగతా రాళ్ల మీది పెయింటంతా తుడిపించారు గానీ, ఈ పలక మీది బాణాన్ని మాత్రం తుడవద్దన్నారు. "రేపెవడైనా నమ్మకపోతే ఇదే సాక్ష్యం. నాలుగు వేల రాళ్లలో ఒక్కటి తప్పని చెయ్యి వేసిన బాణం ఇది."

ఇంకేం చెప్తాడు? తప్పు బాణం వేశానని చెప్తే, ఎలా తెలుసని అడుగుతారు. నేను రోజూ దానిమీద కూర్చుని తిన్నాను కాబట్టి తెలుసని చెప్పాలి. ఈల మెడలో ఉంది. రేపు చెప్దాంలే అనుకున్నాడు.

ఆ రేపు రాకుండానే పెద్దసారు పుస్తకం వచ్చింది. అందులో ఏడో అధ్యాయం ఆ గోడ భిక్షువు గురించే. ఆ అధ్యాయంతో ఆయనకి పేరు వచ్చింది. గుట్ట మీద బోర్డు వచ్చింది. తర్వాత ఒక గైడు వచ్చాడు. గొంతు పెద్దది కావడంతో వాణ్ణి అందరూ మైకు అంటారు. మైకు ప్రతి గుంపునీ అన్ని గదులూ గబగబా తిప్పేసి, పద్నాలుగో గది దగ్గర గొంతు తగ్గించి, "ఇక్కడ... ఒక మనిషి... గోడని చూశాడు," అనేవాడు. వాళ్లలో సగం మంది కళ్లు తుడుచుకునేవారు. బాణాలాయన దూరం నుంచి అది చూసి మరోవైపు వెళ్లిపోయేవాడు. మొదట్లో సిగ్గేసేది. వయసు వచ్చేకొద్దీ సిగ్గు పోయి బరువు మిగిలింది. ఆ మనుషుల పేర్లు లేవు, బొమ్మలు లేవు, ఎముకలు లేవు. వాళ్లు ఎటు చూస్తూ కూర్చున్నారో, అదొక్కటే మిగిలింది. ఉన్న ఆ ఒక్కదాన్నీ తను అటుది ఇటు తిప్పేశాడు.

రిటైరైన ఒక టీచరమ్మ ఏటా ఒకసారి వస్తుంది. మొదట్లో భర్తతో వచ్చేది, ఆయన పోయాక ఒంటరిగా వస్తోంది. పద్నాలుగో గది ముందు చాలాసేపు నిలబడి వెళ్లిపోతుంది. ఒకసారి తనంతట తనే, "ఏదీ చూడబుద్ధికాని రోజులు నాకూ ఉన్నాయండీ. ఈయన్ని చూస్తే తోడున్నట్టుంటుంది," అంది. బాణాలాయన చెప్పబోయినవాడల్లా, "ఎండగా ఉందమ్మా, నీడకి రండి," అన్నాడు.

*

ఈమధ్య గోడలు కదిలిపోతున్నాయని, రాళ్లన్నీ సున్నపు గచ్చులో శాశ్వతంగా కూర్చోబెట్టాలని నిర్ణయించారు. ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. గది గదినీ లేపుతూ, కింద గచ్చు వేసి, మళ్లీ దించుతోంది. "ఇంక వందేళ్లు ఎవరూ కదపలేరు తాతగారూ," అని సంబరంగా చెప్పింది. పద్నాలుగో గది రేపు అంది. పెద్దసారు స్వయంగా వస్తున్నారంది. ఆయనకి ఇప్పుడు ఎనభై మూడు, నడవలేరు, అయినా ఆ పలక కింద మొదటి తాపీ గచ్చు తన చేత్తో వెయ్యాలని అడిగారట.

ఆ సాయంత్రం బాణాలాయన ఇంటికి వెళ్లి డబ్బా గట్టు మీద పెట్టి, చొక్కా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయాడు. భార్య మిషను ముందుండే ముక్కాలిపీట మీది మెత్తను విప్పుతోంది. ఏళ్ల తరబడి పైన గుడ్డ చిరిగినప్పుడల్లా దానిమీద ఇంకో గుడ్డ కుట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు పొరలు పొరలుగా ఊడదీస్తోంది. అట్టడుగు పొర చేతికి రాగానే పకపకా నవ్వింది.

"చూశారా ఏమండీ! మీ నిక్కరు! బాణం ఇంకా పోనేలేదు. నా తల్లీ, ఇన్నాళ్లూ నేను కూర్చున్నది దీనిమీదా!"

ఆయన నవ్వలేదు. ఆ గుడ్డ తీసుకుని ఒళ్లో పరుచుకున్నాడు. ఖాకీ వెలిసిపోయింది గానీ తెల్ల పెయింటు అలాగే ఉంది. అంకె అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. బాణం మొన నడుం వైపు.

"ఏమైంది?" అంది ఆవిడ. "ఒంట్లో బాగాలేదా?"

అప్పుడు చెప్పాడు. మొదటినుంచి. గోడ లేకపోవడం, నీళ్లు వెనకనుంచి రావడం, పెద్దసారు మోకాళ్ల మీద కూర్చోవడం, అన్నీ. ఆవిడ కత్తెర పక్కన పెట్టి విన్నది. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అదే ఆయన్ని భయపెట్టింది.

"డబ్బా తినేది అక్కడని తెలుసు," అంది చివరికి. "నిక్కరు సంగతీ తెలుసు. ఇది మాత్రం నాక్కూడా చెప్పలేదు."

"చెప్పేదేముంది..."

"ముప్పై ఎనిమిదేళ్లు! దొడ్లో బకెట్టు పోతే గంటసేపు చెప్తారు నాకు. ఇది చెప్పలేదు." తర్వాత గొంతు తగ్గించి, "రేపు గచ్చు వేసేస్తే?" అంది.

"ఇంకెవరూ తిప్పరు."

"అయితే పొద్దున్నే చెప్పండి."

"పెద్దసారు పరువు..."

"పెద్దసారుదా, మీదా?"

ఆయన మీసం సవరించుకున్నాడు.

"నేనూ వస్తాను," అంది ఆవిడ, నిక్కరు మడత పెడుతూ. "మీరు నోరు తెరిచి, ఎండగా ఉంది సార్ అనేసి వచ్చేస్తారు."

*

పొద్దున్నే గుట్ట మీద పెద్దసారుకి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పక్కన గొడుగు పట్టుకుని మైకు. ముందు సున్నం తట్ట, రెండు గడ్డపారలు, నలుగురు పనివాళ్లు. ఇంజనీరమ్మాయి తాపీ కడిగి పెద్దసారు చేతిలో పెట్టింది. బాణాలాయన వెళ్లి కుర్చీ పక్కన నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. వెనకనుంచి భార్య గట్టిగా దగ్గింది.

"సార్, ఆ పలక... తిప్పి పెట్టాలి సార్."

"ఎటు తిప్పాలి?"

"ఏటివైపుకి. బాణం తప్పు సార్."

"ఎవరు వేసిన బాణం?"

"నేనే."

పెద్దసారు నవ్వేశారు. మైకు గొడుగు పక్కకి వాల్చి, "బాబాయ్, ఎండ దెబ్బ కొట్టిందా? నా పొట్ట కొట్టకు, నీకు పుణ్యం ఉంటుంది," అన్నాడు.

బాణాలాయన వెనకనుంచి వచ్చిన నీళ్ల సంగతి చెప్పాడు. పెద్దసారు ఓపిగ్గా విన్నారు. విని తల అడ్డంగా ఊపారు.

"చూడవయ్యా. ఈ వయసులో మనం మన మతిని నమ్మకూడదు. నాకు నిన్న ఏం తిన్నానో గుర్తుండదు. బాణం ఆ రోజు వేసింది. నువ్వు ఇవాళ మాట్లాడుతున్నావు. ఇవాళటి నీ మాట నమ్మాలా, ఆ రోజటి నీ చెయ్యి నమ్మాలా?"

తన బాణమే తనకి అడ్డం తిరిగింది. ఇక మిగిలింది ఒకటే. బాణాలాయన మెడలో ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు. అది వేలాడుతుండగా ఆ మాట చెప్పడం ఆయనవల్ల కాలేదు.

"నేను దానిమీద కూర్చునేవాణ్ణి సార్."

"దేనిమీద?"

"ఆ పలక మీద. మూడేళ్లూ. రోజూ భోజనం వేళకి."

పనివాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. పోయిన వారమే బాణాలాయన వాణ్ణి ఈల వేసి లేపాడు.

"నువ్వా?" అన్నారు పెద్దసారు.

"నేనే సార్."

"అబద్ధం. నన్ను కూడా ఒకసారి లేపావు నువ్వు, స్తంభం మీంచి."

అప్పుడు ఆవిడ ముందుకొచ్చి, సంచిలోంచి నిక్కరు తీసి దులిపింది. "ఇదిగోనండీ. ఇంతవరకు బయటివాళ్లకి చూపించలేదు. ఇది నడుంపట్టీ, ఇది బెల్టు దూర్చే లూపు, ఇటు కిందికి. మడమలు గుంటల్లో పెట్టి కూర్చుంటే ఇట్లా వస్తుంది." వంగి, ముప్పై ఎనిమిదేళ్లుగా ఎవరూ ముట్టని ఆ గుంటలో నిక్కరు పరిచింది, కొలత బట్ట పరిచినంత శ్రద్ధగా.

ఇంజనీరమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. బట్ట ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. రాయి మీది బాణంలో ఎక్కడ పెయింటు లేచిపోయిందో, బట్ట మీది బాణంలో అక్కడ మందంగా ఉంది. ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూనే, "సరిపోయింది సార్," అంది. "కూర్చున్నమాట నిజమే."

"కూర్చున్నాడు సరే. ఎటు చూస్తూ కూర్చున్నాడు?"

"సార్," అన్నాడు బాణాలాయన. "ఎదురుగా ఏరు పెట్టుకుని, గోడకి ముక్కు ఆనించి మూడేళ్లు ఎవడు తింటాడు సార్?"

పెద్దసారు చేతిలో తాపీని అటూ ఇటూ తిప్పారు.

"పలక లేపించండి. నేనే పీకాను దాన్ని ఆ రోజు. గోడకి ఆనిన అంచుకి గోడ సున్నం అంటుకుని ఉండాలి. మట్టితోనే తెచ్చి మట్టితోనే దించాం, ఎవరం చూడలేదు. మడమల వైపు అంచుకి సున్నం ఉంటే మీ మాటే నిజం. నేను ఇంక నోరెత్తను."

"ఎలాగూ లేపాల్సిందే కదా సార్," అంది ఇంజనీరమ్మాయి.

గడ్డపారలు దూర్చారు. పలక లేచి పక్కకి ఒరిగింది. పెద్దసారు కుర్చీలోంచి లేవబోయారు. మైకు పట్టుకోబోతే విదిలించుకుని, బాణాలాయన భుజం ఊతగా కిందికి దిగారు. జేబురుమాలు తడిపి మడమల వైపు అంచు తుడిచారు. మట్టి, దాని కింద ఉత్త రాయి. రెండో అంచు తుడిచారు. మొదట ఎర్రటి ఇటుక పొడి వచ్చింది. దాని కింద తెల్లగా, వేలెడు వెడల్పున, ఆ చివరినుంచి ఈ చివరిదాకా సున్నం. గోడకీ పలకకీ మధ్య సందు పూడుస్తూ ఆనాటి తాపీవాడెవడో లాగిన గీత. మధ్యలో ఒకచోట వాడి వేలు ఆగింది. ఆ ఆగిన గుర్తు అలాగే ఉంది.

పెద్దసారు తన వేలు అందులో పెట్టి చూశారు. చాలాసేపు తియ్యలేదు.

"ఏడో అధ్యాయం," అన్నారు నెమ్మదిగా. "మా ఆవిడకి ఇష్టం. ఆఖరి రోజుల్లో కూడా అదే చదవమనేది."

"సార్, నన్ను..."

"నువ్వు ఊరుకో." జేబురుమాలు మడుస్తూ, "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరు సంతోషంగా ఉన్నారు సార్."

"ముప్పై ఎనిమిదేళ్లూనా?"

"మొదటిరోజు చెప్తే అయిపోయేది. రెండోరోజు కష్టమైంది. తర్వాత రోజురోజుకీ..." ఆయన చేతులతో బరువు చూపించాడు.

పెద్దసారు ఆ చేతులకేసి చూశారు. ఆ చేతుల్లో కుంచె పెట్టింది తనే. పెయింటు రంగులోకి తిరిగిపోయిన తన జుట్టు సవరించుకుని, "ఏటిని చూడు, బాణం గీయి అన్నాను," అన్నారు. "నీళ్లు రెండు వైపులా వస్తే ఏం చెయ్యాలో నేను చెప్పలేదు కదయ్యా." తర్వాత పనివాళ్లకేసి తిరిగి, "తిప్పండి," అన్నారు.

తిప్పారు. పెద్దసారు కింద గచ్చు వేశారు, కాస్త ఒలికింది. పలక దిగింది. మడమ గుంటలు ముంగిలివైపు, ముంగిలి అవతల నీళ్లవైపు వచ్చాయి. ఆ నీళ్ల అడుగున పలక పుట్టిన చోటు ఉంది. బాణాన్ని బాణాలాయనే కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు. వెళ్లేముందు పెద్దసారు ఆ నిక్కరుని ప్రదర్శనశాలకి ఇవ్వమని అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. "మా ఆయన వెనకభాగం అద్దాలపెట్టెలో పెడతారా? నా పీటకి కావాలి," అని మడిచి సంచిలో వేసుకుంది.

*

బోర్డు తీసేశారు. కొత్తది ఇంకా రాలేదు. మైకు నెల రోజులు బాణాలాయనతో మాట్లాడలేదు. ఇప్పుడు వాడు పద్నాలుగో గది దగ్గర గొంతు తగ్గించడం లేదు. "ఇక్కడ కూర్చుని ఏరు చూసేవాళ్లు," అనేసి ముందుకి వెళ్లిపోతున్నాడు. ఎవరూ కళ్లు తుడుచుకోవడం లేదు. బాణాలాయనకి ఆ టీచరమ్మ ఒక్కరే భయం.

ఆవిడ ఎప్పటిలాగే వచ్చింది. గది ముందు ఆగింది. చూసింది. చుట్టూ తిరిగి మళ్లీ చూసింది. ఈల ఉన్న మనిషి కోసం వెతికింది.

ఆయన వెళ్లి నిలబడి మొత్తం చెప్పాడు. తడి పెయింటు సంగతి కూడా దాచలేదు. ఆవిడ నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. "అంటే ఈయన గోడ చూడలేదా?" అంది.

"లేదమ్మా. నేనే చూపించాను."

ఆవిడ తల ఊపి, చేతిసంచి భుజానికి సర్దుకుంది. వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు, అలాగని ఉండాలని ఉన్నట్టూ లేదు. ఏటా తోడున్న మనిషి ఈసారి ఇంట్లో లేనట్టు, గుమ్మంలో నిలబడిపోయింది.

బాణాలాయన అటు చూశాడు, ఇటు చూశాడు. మైకు గుంపుని వేసుకుని స్తూపం వెనక ఉన్నాడు. ఆయన వంగి, అలవాటుకొద్దీ, అరచేత్తో గుంటని ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"తడి లేదమ్మా," అన్నాడు. "కాసేపు కూర్చోండి."